నాన్నకు ఆకాశం కొనిచ్చే ముందు

విదేశాల్లో స్థిరపడిన తెలుగు పిల్లలకు తండ్రి షష్టిపూర్తి దగ్గరపడుతున్నప్పుడు ఓ చిక్కు ఎదురవుతుంది. ఉంగరం చేయిస్తే బీరువాలోకి వెళ్తుంది. కొత్త ఫోను కొంటే వారం తిరక్కుండా మనవడి చేతిలో ఉంటుంది. పట్టుపంచెలు ఇప్పటికే అరడజను ఉన్నాయి. అలాంటప్పుడు కంటపడుతుంది, పాత విమానంలో విహారానికి ఇచ్చే గిఫ్ట్ వోచర్. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ దగ్గరున్న డక్స్‌ఫర్డ్ మైదానం నుంచి టైగర్ మాత్, డ్రాగన్ రాపిడ్ లాంటి పాతకాలపు విమానాలు ఇప్పటికీ డబ్బు కట్టినవారిని ఎక్కించుకుని ఎగురుతాయి. మరికొంత ఖర్చుకు, అంటే వేల పౌండ్లకు సిద్ధపడితే, రెండు సీట్ల యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌లోనూ ఎగరవచ్చు.

మంచి ఆలోచనే. వస్తువు ఇచ్చేకంటే ఒక అనుభవం ఇవ్వడం మేలు. కానీ ఆకాశం బహుమతిగా ఇచ్చేవాళ్లు ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, అండమాన్‌లో ఉన్న తెలుగు కుటుంబాల వైపు నుంచి చూస్తే ఆ సంగతులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ విమానమంటే సరదా వస్తువు కాదు. బతుకుకు, చావుకు, రాకపోకలకు ముడిపడిన యంత్రం.

ముందు పాత విమానం సంగతి. టైగర్ మాత్ తొలిసారి ఎగిరింది 1931 అక్టోబర్‌లో. కర్ర, లోహపు గొట్టాలతో చేసిన చట్రానికి బట్ట కప్పిన రెండు వరసల రెక్కలు, 130 హార్స్‌పవర్ ఇంజను, పైకప్పు లేని కాక్‌పిట్. ప్రయాణికుడు ముందు కూర్చుంటాడు, పైలట్ వెనక ఉంటాడు. గాలి ముఖాన్ని కొడుతుంది, ఇంజను నూనె వాసన తగులుతుంది, రెక్కల మధ్య తీగలు ఈల వేస్తాయి. ఆధునిక జెట్ విమానంలో నిద్రపోతూ ప్రయాణం చేసినవారికి ఎగరడమంటే ఏమిటో ఇందులో కూర్చున్నాకే తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేలమంది పైలట్లు, మనవాళ్లు సహా, దీనిమీదే ఓనమాలు దిద్దుకున్నారు.

తెలుగు నేలకు పాత విమానాలతో చుట్టరికం తక్కువేమీ కాదు. హైదరాబాద్ సంస్థానం, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపారు. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఈ సంస్థే. 1953 జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా పేరు చెబితే కళ్లు మెరిసే పెద్దవాళ్లు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారు. వాళ్లకు డకోటాలో ఓ చుట్టు తిరగడం కంటే గొప్ప పుట్టినరోజు కానుక ఉండకపోవచ్చు.

ఇలాంటి కానుకల్లో మన దేశంలో అన్నిటికంటే పెద్దది ఒక కొడుకు తండ్రి పేరిట ఇచ్చినదే. ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ వైమానిక దళంలో డకోటాలు నడిపారు. ఆయన కుమారుడు, అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ తుక్కు కాబోతున్న ఒక డకోటాను కొని, బ్రిటన్‌లో బాగుచేయించి, భారత వైమానిక దళానికి బహుమతిగా ఇచ్చారు. అది 2018 ఏప్రిల్‌లో ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, జోర్డాన్, సౌదీ, బహ్రెయిన్, ఒమన్‌ల మీదుగా మజిలీలు చేస్తూ జామ్‌నగర్ చేరింది. దానికి ‘పరశురామ’ అని పేరు పెట్టారు, వీపీ 905 అన్న నంబరు వేశారు. 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ సైనికులతో శ్రీనగర్‌లో దిగిన తొలి డకోటా నంబరు అది. ఆ కానుక అంత బరువైంది కావడానికి విమానం పాతది కావడమొక్కటే కారణం కాదు. తండ్రి జీవితంలో ఆ విమానానికి చోటుంది. పాత విమానం ఎంచుకునేవాళ్లు మొట్టమొదట చూడాల్సింది ఇదే: పుట్టినరోజు జరుపుకునే మనిషికీ, ఆ విమానానికీ ఏదైనా సంబంధం ఉందా?

అయితే వైమానిక దళం దగ్గరున్న ఈ డకోటా గానీ, 2012లో మళ్లీ ఎగిరిన టైగర్ మాత్ గానీ టికెట్ కొన్నవారిని ఎక్కించుకోవు. అవి విన్యాసాలకు, ప్రదర్శనలకు పరిమితం. అందుకే ఈ కోరిక ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లండ్ వైపో అమెరికా వైపో చూస్తారు. ఆ చూపులో జాగ్రత్త కూడా ఉండాలి.

2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లో 1939 నాటి యుంకర్స్ 52 విమానం విహారయాత్ర నుంచి తిరిగొస్తూ ఆల్ప్స్ పర్వతాల్లో కూలిపోయింది. అందులో ఉన్న 20 మందీ చనిపోయారు. పైలట్లు కొండల మధ్య ప్రమాదకరమైన దారిలో ఎగరడమే కారణమని దర్యాప్తులో తేలింది. విమానం నిర్వహణలో లోపాలూ బయటపడ్డాయి. ఏడాది తిరిగాక, 2019 అక్టోబర్ 2న, అమెరికాలోని కనెటికట్‌లో ‘నైన్ ఓ నైన్’ అనే బి-17 బాంబర్ కూలింది. డబ్బు కట్టి ఎక్కిన పదిమంది ప్రయాణికుల్లో ఐదుగురు, ఇద్దరు పైలట్లు మరణించారు. ఇంజన్ల నిర్వహణ సరిగా లేదని, మాగ్నెటోలు, స్పార్క్ ప్లగ్‌ల స్థితి బాగాలేదని అధికారులు గుర్తించి, ఆ సంస్థకు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి రద్దుచేశారు.

ఈ రెండు ప్రమాదాలూ చెప్పేది పాత విమానాలు ఎక్కవద్దని కాదు. వయసు చూసి భయపడటం కంటే దాన్ని చూసుకునే చేతులు ఎవరివో అడగడం ముఖ్యం. అనుమతి ఏ తరగతిది, పైలట్‌కు ఆ రకం విమానం మీద ఎంత అనుభవం ఉంది, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది అని అడగాలి. బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ లాంటి విమానం ఎక్కే ముందు, మామూలు విమానానికి ఉన్న భద్రతా ప్రమాణాలు దీనికి వర్తించవని తెలుసుకున్నట్టు ప్రయాణికుడే సంతకం చేయాలి. కొడుకు కంప్యూటర్‌లో డబ్బు కట్టేస్తే ఆ సంతకం చేసేది అరవై ఏళ్ల తండ్రి. కాబట్టి ఈ కానుకను చివరి నిమిషం దాకా దాచి ఆశ్చర్యపరచాలనుకోవడం తప్పు. ముందే చెప్పాలి. ‘ఎందుకురా ఇంత దండగ’ అని ఆయన అంటే అందులో డబ్బు గురించిన దిగులు ఎంత, భయం ఎంత అని కనిపెట్టాలి. బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు, చెవి సమస్య ఉంటే వైద్యుణ్ణి అడగాలి. చాలా విమానాలకు బరువు పరిమితి ఉంటుంది. రెక్క మీద కాలు పెట్టి లోపలికి దిగాల్సి వస్తుంది. చాలా ప్రమాద బీమా పాలసీలు సాధారణ విమాన ప్రయాణాన్నే లెక్కలోకి తీసుకుంటాయి, ఇలాంటి విహారాలను కాదు. ఆ సన్న అక్షరాలు చదవాల్సింది ముందే.

ఇప్పుడు అండమాన్‌కు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లో ఉన్న 3.8 లక్షల మందిలో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, కూలికి, ఉద్యోగానికి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ పేరు చెబితే తెలుగు మత్స్యకారులు గుర్తొస్తారు. 2024లో ఆ పట్టణానికి శ్రీవిజయపురం అని పేరు మారినా వాడుకలో పాత పేరే ఎక్కువ. అక్కడి నుంచి విశాఖ సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ ఎక్కితే మూడు రోజుల దారి, విమానం ఎక్కితే రెండు గంటలు. తల్లి పోయిందని కబురొస్తే ఆ తేడా ఎంతో అక్కడివాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అండమాన్ జ్ఞాపకాల్లో పాత విమానాలకు వేరే ముఖం ఉంది. 1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌ను పట్టుకుంది. కొద్ది రోజుల్లోనే జపాన్ నావికాదళపు పెద్ద నీటి విమానాలు ఆ రేవులో దిగాయి. బంగాళాఖాతం మీద బ్రిటిష్ ఓడల జాడ వెతికింది అవే. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. అవి ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి ఎగిరొచ్చిన విమానాల పని. అదే నెలలో బ్రిటిష్ హడ్సన్ బాంబర్లు వచ్చి పోర్ట్ బ్లెయిర్ రేవులో లంగరేసిన నీటి విమానాల మీద దాడి చేశాయి. ద్వీపవాసుల చేత బలవంతపు చాకిరీ చేయించి జపాన్ వాళ్లు ఎయిర్‌స్ట్రిప్‌లు కట్టారు. 1943 డిసెంబర్ 29న సుభాష్ చంద్రబోస్ విమానంలో పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. మరునాడు అక్కడ జాతీయ జెండా ఎగరేశారు. ఈ నేల మీద ‘యుద్ధకాలపు విమాన అనుభవం’ అని సరదా అమ్మడానికి వచ్చేవాళ్లు ఈ చరిత్రను ముందు చదివి రావాలి.

2004 డిసెంబర్ 26 సునామీ కార్ నికోబార్‌ను ముంచెత్తింది. అక్కడి వైమానిక స్థావరం దెబ్బతింది, సిబ్బంది, వారి కుటుంబసభ్యులు కలిసి వందమందికి పైగా కొట్టుకుపోయారు. రన్‌వేలో మిగిలిన భాగం మీదే ఏఎన్-32 విమానాలు దిగి నీళ్లు, మందులు దించాయి, గాయపడ్డవాళ్లను తీసుకెళ్లాయి. అదే రకం విమానం ఒకటి 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరి బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వారిలో ఎనిమిది మంది విశాఖలోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాలు గుర్తించినట్టు రక్షణ శాఖ ప్రకటించింది. ఆ ఎనిమిది ఇళ్లలో ఈ మార్గం పేరు ఎత్తితే ఏం గుర్తొస్తుందో చెప్పనక్కర్లేదు. ప్రాణాలు నిలబెట్టిన విమానమే ప్రాణాలు తీసిన సముద్రం ఇది. ఇక్కడ ఎగరడాన్ని కానుకగా అమ్మేవాడికి భద్రత మీద ఉండాల్సిన శ్రద్ధ మరెక్కడైనా ఉండాల్సినదానికంటే రెట్టింపు.

మరి టైగర్ మాత్ లాంటిదాన్ని అండమాన్‌కు తెచ్చి పర్యాటకుల కోసం తిప్పితే? ఈ ఆలోచన ముచ్చటగా ఉంటుంది గానీ నిలవదు. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఉప్పుగాలిలో, కర్ర చట్రం, బట్ట రెక్కలు ఎంతకాలం ఉంటాయి? అలాంటి పిస్టన్ ఇంజన్లకు జెట్ విమానాల్లో పోసే ఇంధనం పనికిరాదు. ఏవియేషన్ గ్యాసోలిన్ కావాలి. దాన్ని మన దేశం 2022 దాకా దిగుమతి చేసుకునేది. ఇప్పుడు వడోదరలో తయారవుతున్నా, ద్వీపాలకు పీపాల్లో ఓడ మీద రావాల్సిందే. పైగా పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్ఎస్ ఉత్క్రోశ్. ఒక పక్క కొండ ఉండటం వల్ల సాధారణంగా ఒక వైపు నుంచే దిగి, ఎదురు దిక్కుగా ఎగరాలి. అలాంటి రన్‌వే మీద నెమ్మదిగా వచ్చే సరదా విమానానికి సమయం దొరకడం సులువు కాదు.

అండమాన్‌కు నప్పేది నీటి విమానం. పొడవాటి రన్‌వే అక్కర్లేదు, ద్వీపం దగ్గరి ప్రశాంతమైన నీళ్లు చాలు. 2010 డిసెంబర్ 30న అప్పటి పౌర విమానయాన మంత్రి ప్రఫుల్ పటేల్ ముంబైలోని జుహులో ‘జల్ హంస్’ ప్రారంభించారు. పవన్ హన్స్ సంస్థ, అండమాన్ పాలనాయంత్రాంగం కలిసి నడిపిన ఎనిమిది సీట్ల సెస్నా కారవాన్ అది. పోర్ట్ బ్లెయిర్ నుంచి హవెలాక్‌కు, దిగ్లీపూర్‌కు ఎగిరింది. ఎక్కువ కాలం నిలవలేదు. 2020 అక్టోబర్ 31న గుజరాత్‌లో సబర్మతి నుంచి కేవడియాకు మొదలైన స్పైస్‌జెట్ నీటి విమానం కూడా కొన్ని నెలలకే ఆగింది. మాల్దీవుల నుంచి తెచ్చిన ఆ ట్విన్ ఆటర్ సుమారు యాభై ఏళ్ల కిందట తయారైనది. ప్రధాని అందులోనే ప్రయాణించారు. చక్కగా చూసుకుంటే పాత విమానం కూడా నమ్మకంగా పనిచేస్తుందనడానికి మాల్దీవులే సాక్ష్యం. అక్కడ ట్విన్ ఆటర్లు పల్లె బస్సుల్లా రోజంతా దీవుల మధ్య తిరుగుతూనే ఉంటాయి. మన దగ్గర ఆగిపోవడానికి విమానం వయసు కారణం కాదు. సీట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఉప్పునీళ్లలో దిగిన ప్రతి రోజూ ఇంజనునూ ఫ్లోట్లనూ మంచినీళ్లతో కడగాలి, తుప్పు పరీక్ష చేయాలి. పగటివేళ, కంటికి దారి కనిపించినప్పుడే ఎగరాలి. రుతుపవనాల కాలంలో నెలల తరబడి రద్దులు తప్పవు. ఇవన్నీ లెక్కలో వేసుకోకుండా రిబ్బను కత్తిరిస్తే రెండో ఏడాదికే తాళం పడుతుంది.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి డి హావిలాండ్ ట్విన్ ఆటర్ ప్రదర్శనగా ఎగిరింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులో ప్రయాణించారు. కృష్ణా నది మీద దిగిన విమానం అండమాన్ రేవుల్లో ఎందుకు దిగకూడదు? కేంద్ర ప్రాంతీయ విమానయాన పథకం ఉడాన్‌లో స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హవెలాక్), షహీద్ ద్వీప్‌లను నీటి విమానాలు దిగే చోట్లుగా ఎప్పుడో గుర్తించారు.

ఒక హద్దు మాత్రం కచ్చితంగా ఉండాలి. బయటివారికి దూరంగా బతికే ఆదిమ తెగ ఉన్న ఉత్తర సెంటినెల్ ద్వీపం చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదు. మరో ఆదిమ తెగ జరావాల అడవి వారిది, పర్యాటకుల కెమెరాలది కాదు. సునామీ తర్వాత తమవైపు వచ్చిన తీరరక్షక దళ హెలికాప్టర్‌ మీద సెంటినెలీయులు బాణాలు ఎక్కుపెట్టిన చిత్రం ప్రపంచమంతా చూసింది. దగ్గరికి రావద్దని అంతకంటే స్పష్టంగా చెప్పలేరు. విహార విమానం ఆ దిక్కుకు ముక్కు తిప్పకూడదు. చూడటానికి వేరే ఎన్నో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంలో 135 కిలోమీటర్ల దూరాన పొగలు కక్కే బారెన్ ద్వీపం దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం. శతాబ్దంన్నరకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. 732 మీటర్ల సాడిల్ పీక్, పగడపు దిబ్బల చుట్టూ రంగులు మారే నీళ్లు, మడ అడవుల్లోకి పాకే కాల్వలు ఉన్నాయి. నలభై ఏళ్లు ఈ నీళ్ల మీద వల వేసిన జంగ్లీఘాట్ మత్స్యకారుడు ఒక్కసారి కూడా వీటిని పైనుంచి చూసి ఉండడు. పుట్టినరోజున ఆయనకు ఇవ్వదగిన ఆకాశం ఇదే.

ఆ రోజు వచ్చేదాకా ఏం చేయాలి? అండమాన్‌లో ఉన్న తండ్రిని విశాఖకు పిలిపించుకునే పిల్లలు ఆయనకు పగటి విమానంలో కిటికీ సీటు కొనాలి. నౌకాదళ విమానాశ్రయంలో ఫొటోలు తీయకూడదని ముందే చెప్పాలి. విశాఖలో దిగాక బీచ్ రోడ్డుకు తీసుకెళ్లాలి. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి, 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన టీయూ-142 విమానం అక్కడ మ్యూజియంగా నిలబడి ఉంది. టికెట్ కొని లోపలికి ఎక్కవచ్చు. అది ఎగరదు. కానీ విమానం ఎక్కడానికి భయపడే పెద్దవాళ్లకు, చరిత్రంటే ఇష్టపడేవాళ్లకు ఇంతకంటే దగ్గరగా తాకగలిగే పాత విమానం తెలుగు నేల మీద దొరకడం కష్టం. ద్వీపాల్లో తిరిగే పవన్ హన్స్ హెలికాప్టర్లలో సరదాకు సీటు కోరడం మాత్రం న్యాయం కాదు. వాటిలో మొదటి హక్కు రోగులది, దూరపు దీవుల వాసులది.

పర్యాటకులు కట్టే డబ్బుతోనే ఈ సేవ నడవాలి, కానీ పర్యాటకుల కోసమే నడవకూడదు. రేపు నీటి విమానం మళ్లీ వస్తే ప్రతి ట్రిప్పులోనూ కొన్ని సీట్లు తగ్గించిన ధరకు ద్వీపవాసులకు కేటాయించాలి. నిర్వహణ, తనిఖీల వివరాలు అందరికీ కనిపించేలా ప్రకటించాలి. రుతుపవనాల నెలల్లో సర్వీసు ఆగుతుందని ముందే చెప్పి, ఆ నష్టాన్ని ఒప్పందంలోనే లెక్కకట్టాలి. జల్ హంస్ చేసిన ప్రయోగం నుంచి, కేవడియా నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. కేంద్ర పౌర విమానయాన శాఖ పగ్గాలు ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ చేతిలో ఉన్నాయి. అండమాన్ తెలుగు కుటుంబాల్లో ఎన్నింటికో వేళ్లు ఆ జిల్లాలోనే ఉన్నాయి. మంత్రి రామ్మోహన్ నాయుడు విజయవాడలో చూపిన ఉత్సాహాన్ని పోర్ట్ బ్లెయిర్ రేవు దాకా తీసుకెళ్లాలి. ద్వీపవాసులకు వాటా రాసిపెట్టిన నీటి విమాన సర్వీసుకు అండమాన్ పాలనాయంత్రాంగంతో కలిసి వెంటనే టెండర్లు పిలవాలి.